గంట మోగని వార్త

మైకులో మొదటిసారి నా గొంతు విన్నప్పుడు ఎవరో వేరే అమ్మాయి మాట్లాడుతోందనుకున్నాను. మా బడిలో హాజరు పిలిస్తే "ఉన్నాను సార్" అనడానికి కూడా నాకు గొంతు పెగిలేది కాదు. పక్కనున్న అమ్మాయి నా బదులు చెప్పేది. అలాంటిది, ఈ వేసవి అంతా పిల్లల ఆసుపత్రిలో సాయంత్రం పూట అన్ని అంతస్తుల్లోనూ వినపడిన గొంతు నాదే. మా ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరు. అందుకే ఎవరికీ చెప్పలేదు, డైరీలో రాసుకున్నాను.

తమ్ముడికి ఎనిమిదేళ్ళు. వాడి పరీక్షలు అయ్యీ అవగానే జ్వరం పట్టుకుంది. తర్వాత చిగుళ్ళలోంచి రక్తం. అక్కడా ఇక్కడా తిప్పి చివరికి పట్నంలో పిల్లల ఆసుపత్రికి పంపారు. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చినప్పటి అమ్మ ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఎవరో చెంప మీద కొట్టి వెళ్ళిపోతే, కొట్టిందెవరా అని వెతుక్కుంటున్నట్టు ఉంది. నా చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్ళింది.

"వాడికి రక్తం పల్చబడింది, అంతే. సెలవులయ్యేలోపు తగ్గిపోతుంది. ఏం చెప్పాను?"

"రక్తం పల్చబడింది."

"అంతే. క్యాన్సర్ అన్న మాట నీ నోట వచ్చిందంటే నా మీద ఒట్టే. వాడికి తెలిసిందంటే బెంగతోనే పోతాడు."

'పోతాడు' అన్నది నోరు జారి వచ్చిన మాట. కాసేపు అమ్మ నా వైపు చూడలేదు, నేను అమ్మ వైపు చూడలేదు.

నాన్న తాపీ మేస్త్రి. ఒప్పుకున్న ఇల్లు సగంలో ఉంది కాబట్టి ఊళ్ళోనే ఉండి ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు. ఆయన చేత కూడా అమ్మ ఒట్టు వేయించుకుంది. వార్డులో అమ్మ, మంచం మీద తమ్ముడు, మంచం కింద మా సంచులు. నాకు ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. అలా తిరుగుతూ ఒక రోజు లైబ్రరీ దగ్గర తేలాను.

అది రెండో అంతస్తు వరండా చివర, ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే గది. అక్కడి పుస్తకాలకు పుస్తకాల వాసన ఉండదు, స్పిరిట్ వాసన ఉంటుంది. ఆ పిల్లల ఒంటికి చిన్న దుమ్ము కూడా పడదు. అందుకని ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ అట్ట వేస్తారు. తిరిగొచ్చిన పుస్తకాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, ఒక రోజంతా ఎండ పడే కిటికీలో విప్పి పెట్టి, ఆ తర్వాతే ఇంకొకరికి ఇస్తారు. ఆ పని చూసే ఆవిడను పిల్లలు ఉష్ మేడం అనేవాళ్ళు. ఎవరు కాస్త నవ్వినా "ఉష్!" అనేది. ఆవిడ తుమ్మితే మాత్రం కింది అంతస్తులో నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు.

సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ వార్తలు. ప్రతి వార్డు తలుపు మీదా గుండ్రటి స్పీకరు ఉంటుంది. కొత్తగా ఏ పుస్తకాలు వచ్చాయి, ఎవరు ఏది పూర్తి చేశారు, ఎవరి పుస్తకం కోసం ఎవరు కాచుకుని కూర్చున్నారు, ఇవే వార్తలు. చివర్లో, జబ్బు తగ్గి పుస్తకం తిరిగిచ్చి ఇంటికి వెళ్తున్న వాళ్ళుంటే ఆ పేరు చదివి ఇత్తడి గంట ఒకసారి కొడతారు. గంట మోగితే చాలు, వార్డులన్నీ చప్పట్లే. మైకులో పిల్లల అసలు పేర్లు చెప్పకూడదని ఆసుపత్రి నియమం. అందుకని ఎవరి పేరు వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. బుల్డోజర్, మంత్రిగారు, మీసాలరాణి, విమానం.

ఒక రోజు ఉష్ మేడం గొంతు పూర్తిగా పట్టేసింది. వార్తల కాగితం నా చేతిలో పెట్టి మైకు వైపు చూపించింది.

"నావల్ల కాదు మేడం," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

ఆవిడ గుసగుసగా అంది. "ఆ గొంతే మైకు ముందు పెట్టు, చాలు. గట్టిగా అరిచేవాళ్ళకైతే మైకెందుకు? ఒకటే మాట. కాగితం మీద ఉన్నది చదువు. లేనిది చదవకు."

చదివాను. వార్డుకి వచ్చేసరికి తమ్ముడు స్పీకరు వైపు వేలు చూపిస్తున్నాడు.

"అక్కా, దాంట్లో పిల్లి దూరింది!"

"పిల్లి కాదురా, మీ అక్కే," అన్నాడు పక్క మంచం మీది విమానం. "చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో."

తర్వాత మేడం గొంతు బాగుపడింది. మైకు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

విమానానికి పదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. సెలైను స్టాండు పట్టుకుని నడవమంటే, వాడు ఒక చేత్తో దాన్ని తోసుకుంటూ ఇంకో చెయ్యి రెక్కలా చాపి, "ఝుయ్‌య్" మంటూ మంచాల మధ్య తిరిగేవాడు. "మెల్లగారా, సూది ఊడుతుంది!" అని పెద్ద సిస్టర్ వెంటపడేది. "దిగుతున్నా సిస్టర్, రన్‌వే ఖాళీ చెయ్యండి!" అనేవాడు.

మా తమ్ముడి పేరు 'చివరి పేజీ'. అది వాడు పెట్టుకున్నది కాదు, వార్డు పెట్టింది. ఏ పుస్తకం తెచ్చిచ్చినా వీడు మొదలు చూసేవాడు కాదు. నేరుగా ఆఖరి పేజీలు చదివేసి, మూసి, "ఇంకోటి" అనేవాడు.

"వాడంతేనమ్మా, తొందర," అని అమ్మ అందరికీ చెప్పి నవ్వేది. "నా కడుపులో కూడా ఆగలేదు. నెల ముందే వచ్చి కూర్చున్నాడు."

మొదట్లో అది నాకు కూడా నవ్వులాటే. పోను పోను పిల్లలు స్టాండ్లు తోసుకుంటూ మా మంచం దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

"చివరి పేజీ, నక్క దొరికిపోతుందా?"

"దొరకదు. కానీ తోక తెగిపోతుంది."

"చచ్చిపోదుగా?"

"చచ్చిపోదు."

"సరే అయితే." అంతే, వెళ్ళిపోయేవాళ్ళు.

విమానం ఒక్కడే చెవుల్లో దూది కుక్కుకునేవాడు. "నాకు చెప్పావంటే నీ మంచం మీద వాంతి చేసుకుంటా. ముందే చెప్తున్నా!" ఆ మందులు ఎక్కే పిల్లలకు అది ఉత్త బెదిరింపు కాదు.

వాడి చేతిలో ఒక లావు పుస్తకం ఉండేది. కొండ కింద తప్పిపోయిన నదిని వెతుక్కుంటూ వెళ్ళిన ముగ్గురు పిల్లల కథ. లైబ్రరీలో అది ఒక్కటే ప్రతి. తమ్ముడు రోజూ అడిగేవాడు.

"ఒక్కసారివ్వరా. చివర చూసి ఇచ్చేస్తా."

"నాదయ్యాకే. నది దొరికాక ఇస్తా."

"దొరుకుతుందో లేదో ఇప్పుడే చెప్తా కదా!"

"అందుకే ఇవ్వను." ఆగిన చోట ఖాళీ మాత్రల రేకు ఒకటి గుర్తు పెట్టుకుని, పుస్తకాన్ని తలగడ కింద దాచేసేవాడు.

ఎండలు మండుతున్న రోజులు. ఒక ఉదయం వేడినీళ్ళు తేవడానికి కిందికి వెళ్ళాను. పైకి వచ్చేసరికి విమానం మంచానికి కొత్త దుప్పటి వేస్తున్నారు. నాలుగు మూలలూ లోపలికి మడిచి, ముడత లేకుండా చేత్తో సాపు చేస్తోంది ఆయా. మంచం కింద వాడి చెప్పులు కూడా లేవు.

"వాళ్ళ ఊరు తీసుకెళ్ళిపోయారు," అంది అమ్మ, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ.

ఆ సాయంత్రం నా చేతికిచ్చిన కాగితంలో విమానం మాటే లేదు. మంత్రిగారు ఏనుగు పుస్తకం పూర్తి చేశారని చదివాను. మైకు ఆపాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ మందుల కిటికీ దగ్గర వరసలో ఉంది. తమ్ముడు నా కోసమే కాచుకుని ఉన్నాడు.

"అక్కా, విమానం వార్త చదవలేదేం?"

"వాళ్ళ ఊరు వెళ్ళాడంటరా."

"మరి గంట?"

"మర్చిపోయుంటారు."

"బుల్డోజర్‌కీ ఇలాగే మర్చిపోయారు. కిటికీ పక్కన పాపకీ మర్చిపోయారు." నా లెక్కలో తప్పు దిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "గంట కొట్టని వాళ్ళు ఇంటికెళ్ళరక్కా. చచ్చిపోతారు. వార్డులో అందరికీ తెలుసు. విమానానికి కూడా తెలుసు. రోజూ చదివేదానివి, నీకు తెలీదా?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. మంచం అంచు మీద కూర్చున్నాను. భయపడతారని పెద్దవాళ్ళు చెప్పకుండా వదిలేసిన ఒక్కొక్క పేరునీ ఈ పిల్లలు వింటూనే ఉన్నారు. నేను చదివిన వార్తల కంటే, చదవని వార్తలనే చెవులు రిక్కించి విన్నారు.

"అందుకే నేను ముందే చివర చదివేస్తా," అన్నాడు. "మొదట్నించి మొదలుపెట్టి, సగంలో అయిపోతే? వాడికి ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు చూడు, నది దొరికిందో లేదో వాడికి తెలీకుండానే అయిపోయింది."

వాడే మళ్ళీ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు.

"అక్కా, అమ్మకి చెప్పకు. నాది రక్తం పల్చబడడం కాదని అమ్మకి తెలీదు. తెలిస్తే బెంగపడుతుంది. ఒట్టు వెయ్యి."

వేశాను. ఇంకేం చెయ్యను?

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. "అమ్మా, సెలవులయ్యేలోపు తగ్గిపోతుంది కదూ?" అని వీడు అడిగేవాడు, నా వైపు కన్ను కొట్టి మరీ. "తగ్గక! బడి ఎగ్గొడదామనుకుంటున్నావేమో, నీ ఆటలు సాగవు," అని అమ్మ నవ్వేది, ఆ తర్వాత నా వైపు చూపు విసిరేది. ఇద్దరూ నాటకం ఆడుతున్నారు, ఇద్దరూ నన్నే తోడు దొంగను చేసుకున్నారు. ఎవరి వేషంలో వాళ్ళు మునిగిపోయి ఎదుటివాళ్ళ వేషం చూసుకోవడం లేదు. ఆదివారం వచ్చిన నాన్న మధ్యలో కూర్చుని, ఏమనాలో తెలియక, తమ్ముడి పాదాలు పిసికి వెళ్ళిపోయాడు.

విమానం వాళ్ళ నాన్న లైబ్రరీకి వచ్చిన రోజు నేను పుస్తకాలు తుడుస్తున్నాను. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది. చేతిలో తువ్వాలులో చుట్టిన నది పుస్తకం. అలా పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్ళెవరూ మళ్ళీ ఆ మెట్లెక్కి రావడం ఉష్ మేడం ఎప్పుడూ చూడలేదట. ఆవిడ చేతిలో స్పిరిట్ సీసా అలాగే ఉండిపోయింది.

"బట్టల్లో కలిసి వచ్చేసింది మేడం," అన్నాడు.

"అయ్యో, దీనికోసం ఇంత దూరం వచ్చారా? ఉంచుకోవలసింది."

"పక్క మంచం పిల్లాడు కాచుకుని ఉంటాడు మేడం. రోజూ అడుగుతున్నాడని మావాడు చెప్పేవాడు." గోడ గడియారం వైపు చూశాడు. "నాలుగవుతోంది కదా. వార్తల్లో వాడి పేరు విని వెళ్తాను."

మేడం కాగితం ముందుకు లాక్కుంది. కలం కదల్లేదు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఇది మాత్రం వద్దు. పిల్లలు జడుసుకుంటారు. ఇలాంటివి మనం ఎప్పుడూ చదవలేదు."

చిన్న గది. ఆయనకూ వినపడింది.

"జడుసుకుంటారు, నిజమే మేడం," అన్నాడు. బతిమాలుతున్నట్టు కూడా లేదు. "కానీ వాడికి ఆ గంటంటే పిచ్చి. నా వంతెప్పుడు నాన్నా అని అడిగేవాడు. అందుకని అన్నాను."

ఎర్ర లైటు వెలిగింది. కొత్త పుస్తకాలు వచ్చాయని చదివాను. మంత్రిగారి తర్వాత ఏనుగు పుస్తకం మీసాలరాణికి వెళ్తుందని చదివాను. కాగితం అయిపోయింది. మీట నొక్కి మైకు ఆపెయ్యాలి. నా వేలు మీట మీదే ఉంది.

"ఇంకొక వార్త," అంది మైకులో ఆ వేరే అమ్మాయి. "విమానం పుస్తకం తిరిగి వచ్చింది. వాళ్ళ నాన్నగారు తెచ్చారు. విమానం చనిపోయాడు. పుస్తకం సగం దాటే వరకు చదివాడు."

మేడం చెయ్యి మైకు దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన రెండడుగులు ముందుకు వేసి, "నేను కొట్టొచ్చా అమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గంట ఒకసారి కొట్టాడు.

ఎప్పటి గంటే. ఎప్పటి శబ్దమే. చప్పట్లు మాత్రం లేవు. ఏం చేశానో నాకప్పుడు తెలిసింది.

అప్పుడు కింద ఎక్కడినుంచో సన్నగా వినపడింది. "ఝుయ్‌య్..." ఇంకో గొంతు కలిసింది. పక్క వార్డులోంచి ఇంకొకటి. పిల్లలు నోటితో విమానాలు పోనిస్తున్నారు. వరండా అంతా అదే మోత. విమానం వాళ్ళ నాన్న నోరు తెరుచుకుని, పైన ఏదో ఎగురుతున్నట్టు కప్పు వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఉష్ మేడం ఎవరినీ ఉష్ అనలేదు.

ఆ మోత ఆగకముందే వరండాలో అడుగుల చప్పుడు. "ఎవరు చదవమన్నారు? నా బిడ్డకి ఇన్నాళ్ళూ దాచి దాచి చస్తుంటే!" అని ఒకావిడ తలుపు దగ్గరే అరిచింది. ఆవిడ వెనక పెద్ద సిస్టర్, ఆమె వెనక ఇంకా ఎవరెవరో. నేను నోరు తెరిచేలోపే, "నేనే చదివించాను," అంది ఉష్ మేడం. ఆవిడ నా వైపు చూడకుండా, "నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళు," అంది.

అమ్మ వార్డు మధ్యలో నిలబడి ఉంది. చేతిలో సగం పిండిన తడి తువ్వాలు, దాన్నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"నువ్వేనా? ఆ మాట నీ నోట ఎలా వచ్చిందే? నా మీద ఒట్టేసి..." చెయ్యి లేచింది. అమ్మ నన్ను ఎప్పుడూ కొట్టలేదు.

"కొట్టకమ్మా," అన్నాడు తమ్ముడు మంచం మీంచి. "అక్క నాకేం చెప్పలేదు. నాకు ముందే తెలుసు. నాది కూడా విమానం జబ్బే కదా."

లేచిన చెయ్యి లేచినట్టే ఉండిపోయింది.

"నీకే తెలీదనుకున్నా," అన్నాడు వాడు, అమ్మ ముఖంలోకి చూస్తూ. "తెలుసా?"

అమ్మ తల ఊపింది.

"ఎప్పట్నించి?"

"మొదట్నించి."

"మరి అంత బాగా ఎలా నవ్వావే?"

అమ్మ మంచం మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "నువ్వు నవ్వలేదట్రా, దొంగ వెధవా," అంది. తువ్వాలు ఒళ్ళో పడి చీరంతా తడిసిపోతున్నా చూసుకోలేదు.

అప్పుడు వాడు అడిగాడు. "నేను కూడా చచ్చిపోతానా?"

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"తెలీదు నాన్నా," అంది అమ్మ. "డాక్టర్లకి కూడా ఇంకా తెలీదంట. తగ్గేవాళ్ళకి తగ్గుతోంది. గంట ఎన్నిసార్లు మోగిందో నువ్వే విన్నావుగా."

"చాలాసార్లు."

"మోగనివో?"

"కొన్ని." వాడు ఆలోచించాడు. "అంటే తెలీదన్నమాట."

"తెలీదు."

వాడు తల ఊపి, అమ్మ ఒళ్ళో ఉన్న తడి తువ్వాలు తీసి మంచం కమ్మీ మీద ఆరేశాడు.

కొన్నాళ్ళు వార్తలు ఆపేశారు. నాలుగయ్యేసరికి పిల్లలు స్పీకర్ల వైపు చూసి ముఖాలు తిప్పుకునేవాళ్ళు. చివరికి మీసాలరాణి, వార్తలు లేకపోతే ఇంజెక్షను వేయించుకోనని మంచం కిందికి దూరి కూర్చుంది. మిగతావాళ్ళు ఆమె దారే పట్టారు. పెద్ద సిస్టరే వచ్చి, "ఏదో ఒకటి చదవండి తల్లీ, వీళ్ళతో నేను పడలేను," అంది. ఉష్ మేడం ఒకటే అడిగింది. చదివితే అందరి పేర్లూ చదువుతాం, గంట అందరికీ ఒకేలా మోగుతుంది అని. ముందు అన్ని వార్డుల్లోనూ తల్లుల్ని అడిగారు. మొదట ఊఁ అన్నది మా అమ్మ.

సెలవులయ్యేలోపు తగ్గలేదు. బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి, తమ్ముడి మందులు సాగుతూనే ఉన్నాయి. నాన్న వచ్చినప్పుడు ఇప్పుడు పాదాలు పిసికి ఊరుకోవడం లేదు. ఈ వారం రక్తంలో ఏమొచ్చిందిరా అని వాణ్ణే అడుగుతాడు. వాడు చెబుతాడు.

వార్తలు మళ్ళీ మొదలైన రోజున, స్పిరిట్‌తో తుడిచి కిటికీలో ఒక రోజు ఎండబెట్టిన నది పుస్తకం తెచ్చి వాడి చేతికిచ్చాను. అలవాటుగా వాడి బొటనవేలు వెనక అట్ట మీదికి పోయింది. అప్పుడు, మధ్యలో మెరుస్తున్న మాత్రల రేకు కనపడింది.

"ఇది వాడు ఆగిన చోటు కదక్కా?"

"అవును."

బొటనవేలు తీసేశాడు. పుస్తకం తిప్పి పట్టుకుని మొదటి పేజీ తెరిచాడు. "అమ్మా, జరిగి కూర్చో. వెలుగు రావడం లేదు," అన్నాడు. రెండు పేజీలు చదివాక ఏదో గుర్తొచ్చినట్టు నన్ను పిలిచి, నా చెవిలో ఒక వార్త చెప్పాడు. ఉష్ మేడం దాన్ని చెప్పింది చెప్పినట్టు రాసిచ్చింది. ఆ సాయంత్రం గొంతు వణక్కుండా చదివాను.

"చివరి పేజీ నది పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నది దొరుకుతుందో లేదో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పొద్దు. చెప్పినవాళ్ళ మంచం మీద వాంతి చేసుకుంటాడు. ముందే చెప్తున్నాడు."